జనరేటర్ ఆయిల్ బెంజికి పోయొచ్చా?

కావలికీ అల్లూరుకూ నడుమ ఉన్న ఒక ఊరి నుంచి ఒకామె రాశారు. పేరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది. అందులో ఇంజన్ ఆయిల్ గురించి ఎంత ఉందో ఇంటి గురించీ అంతే ఉంది. కుదించి ఇస్తున్నాను.

వాళ్ల నాన్నగారు రొయ్యల సాగులో బాగున్న రోజుల్లో, 2008లో, కొత్త మెర్సిడెస్ బెంజి ఇ 220 సీడీఐ కొన్నారు. డీజిల్ బండి. రెండేళ్ల కిందట ఆయన పోయారు. ఈమె హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి వచ్చి గుంటలు చూసుకుంటున్నారు. కారు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. మీటరు 1,86,000 దాటింది. రోజూ ఇంటి నుంచి గుంటల దగ్గరికి ఆరు కిలోమీటర్లు పోవడం, రావడం. రెండు నెలలకోసారి అమ్మను చెన్నై ఆసుపత్రికి తీసుకెళ్లడం. కారుకు అంతకు మించి పని లేదు.

గుంటల మీద ఏరియేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) కోసం రెండు జనరేటర్లున్నాయి. వాటికని 15డబ్ల్యూ-40 ఆయిల్ ఇరవై లీటర్ల బకెట్లలో తెప్పిస్తారు. నాన్నగారు పోయినప్పటి నుంచీ కారుకు కూడా ఆ బకెట్లోదే పోయిస్తున్నది వాళ్ల చిన్నాయన. “లారీలు మోసే ఆయిల్ ఈ కారును మోయలేదా ఏందమ్మా?” అంటారాయన. కావలిలో నాన్నగారి కాలం నుంచీ బండి చూస్తున్న మేస్త్రి మాట వేరు. బండి ముసలిదైంది, పల్చటి ఆయిల్ నిలవదు, 20డబ్ల్యూ-50 పోస్తే చప్పుడూ తగ్గుద్ది, కారడమూ తగ్గుద్ది అని ఆయన అభిప్రాయం. మొన్న చెన్నై వెళ్లినప్పుడు అక్కడి సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే, 5డబ్ల్యూ-30 తప్ప ఇంకోటి ముట్టకూడదన్నారు. ముందు ఇంజన్ ఫ్లష్ చేయాలని, అన్నీ కలిపి 38,000 రూపాయల అంచనా రాసిచ్చారు. “ఇన్నాళ్లూ జనరేటర్ ఆయిల్ పోశారా?” అని వాళ్లు చూసిన చూపుకు ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట. భర్త మాత్రం, ఇంత తలనొప్పి దేనికి, అమ్మేద్దాం అంటున్నారు.

బండి లక్షణాలు కూడా ఓపిగ్గా రాశారు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక క్షణం గలగలమంటుంది, ఆగిపోతుంది. కొత్త ఆయిల్ పోసిన రెండు రోజులకే నల్లబడుతుంది. నిలిపిన చోట అరచేయంత మరక పడుతుంది. మూడు వేల కిలోమీటర్లకు ఒక లీటరు దాకా కలపాల్సి వస్తోంది. ఆయిల్ షాపుకు తనే వెళ్లి అడిగితే “ఇంట్లో మగవాళ్లెవరినైనా పంపండమ్మా, వాళ్లకైతే చెప్తాం” అన్నాడట షాపాయన.

చివర్లో ఇలా రాశారు: “మూడు డబ్బాలు, ముగ్గురు పెద్దమనుషులు. ఒకరి మాట వింటే ఇద్దరికి కోపం. నాన్న కారు నా చేతిలో పాడైందని అనిపించుకోవడం నాకిష్టం లేదు. ఏది పోయమంటారు?”

సమాధానం

అమ్మా, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. రెండేళ్లు జనరేటర్ ఆయిల్ పోసినందుకు మీ ఇంజన్ పాడైపోలేదు. పాడైపోయి ఉంటే మీరు రాసిన లక్షణాలు ఇలా ఉండవు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ రెండు రోజులకే నల్లబడటం రోగం కాదు. మసిని ఒకచోట పేరుకోనీయకుండా తనలో కలుపుకుని తిప్పడం ఆయిల్ చేయాల్సిన పనుల్లో ఒకటి. నల్లబడిందంటే ఆ పని చేస్తోందన్నమాట. మూడు వేలకు లీటరు అంటే వెయ్యికి మూడో వంతు లీటరు. బెంజి హ్యాండ్‌బుక్‌లోనే వెయ్యి కిలోమీటర్లకు 0.8 లీటరు దాకా ఖర్చవడం మామూలే అని రాసి ఉంటుంది. పైగా మీది కొంత కింద కారుతోంది కూడా. పదిహేడు పద్దెనిమిదేళ్ల బండికి ఇది చెడ్డ లెక్కేమీ కాదు.

ఇక డబ్బాల గొడవ. ముగ్గురూ మీకు చెప్పినవి డబ్బా ముందువైపు పెద్దక్షరాల్లో ఉండే నంబర్లు. మీ కారుకు సంబంధించిన అసలు సమాచారం డబ్బా వెనక, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత సన్నని అక్షరాల్లో ఉంటుంది. రెండూ చెబుతాను. ఒకసారి అర్థమైతే ఆ షాపాయన దగ్గరికి ఎవరినీ పంపనక్కర్లేదు.

ముందువైపు నంబర్లో రెండు భాగాలుంటాయి. డబ్ల్యూకు ముందున్న అంకె చలికి సంబంధించినది. ఆయిల్ గడ్డకట్టకుండా ఇంజన్‌ను ఎంత చలిలో తిరగనిస్తుందో దాన్నిబట్టి తెలుస్తుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 30 డిగ్రీలు కింద పరీక్షిస్తారు, 15డబ్ల్యూను 20 డిగ్రీలు కింద, 20డబ్ల్యూను 15 డిగ్రీలు కింద. కావలిలో జనవరి తెల్లవారుజామునైనా పాదరసం 20 దగ్గర నుంచి పెద్దగా దిగదు. కాబట్టి చలి కోసమైతే ఈ మూడింట్లో ఏదైనా మనకు ఒకటే. రెండో అంకె ఇంజన్ బాగా కాగినప్పటి చిక్కదనం. 100 డిగ్రీల వేడి దగ్గర 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. దీని కొలమానం పేరు సెంటీస్టోక్, గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుందని తెలిస్తే చాలు.

ఇంతవరకు వినగానే, మన ఎండలకు చిక్కటిదే మంచిది కదా అనిపిస్తుంది. మీ మేస్త్రి లెక్కా అదే. అయితే ఇంజన్ లోపలి వేడిని థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ కలిసి ఒక హద్దులో పట్టి ఉంచుతాయి. బయట రోహిణి కార్తె ఎండ 44 డిగ్రీలున్నా, డిసెంబరు ముసురులో 22 ఉన్నా, కాగిన ఇంజన్‌లో ఆయిల్ వేడి కొద్ది డిగ్రీల తేడాలోనే ఉంటుంది. ఎండ ప్రభావం అసలు లేదని అనను. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కుంటే ఉంటుంది. మీ ఆరు కిలోమీటర్ల గట్టు ప్రయాణంలో సమస్య దీనికి తలకిందులు. ఇంజన్ కాగేలోపే మీరు దిగిపోతున్నారు. దీని సంగతి కాసేపట్లో చెబుతాను, మీ కారుకు అసలు చిక్కు అక్కడుంది.

ఇప్పుడు డబ్బాను వెనక్కి తిప్పండి. ఏపీఐ అని, ఏసీఈఏ అని, ఎంబీ అని కొన్ని వరసలుంటాయి. ఏపీఐ అమెరికా వాళ్ల కొలత. ఎస్ అక్షరంతో మొదలైతే పెట్రోలు, సీతో మొదలైతే లారీల వంటి భారీ డీజిల్ ఇంజన్లు. ఏసీఈఏ యూరప్ కార్ల కంపెనీలది. ఎంబీ అంటే మీ కారు చేసినవాళ్ల సొంత పరీక్ష. 228తో మొదలయ్యే నంబర్లు లారీలు, బస్సుల ఇంజన్లకు, 229తో మొదలయ్యేవి కార్లకు. మీ బకెట్ మీద చూడండి, ఏపీఐ సీఐ-4 అనో, ఎంబీ 228.3 అనో ఉండొచ్చు. అంటే అది చెత్త ఆయిల్ కాదు, తన పనికి మంచి ఆయిలే. మీ చిన్నాయనకు ఇది ఆయన భాషలోనే చెప్పొచ్చు. మేత సంచి మీద నంబరు రొయ్య సైజును బట్టి ఉంటుంది కదా. నాలుగో నంబరు మేత మంచిదే, అలాగని దాన్ని పిల్ల రొయ్యకు వేయరు.

ఆ తేడా ఎందుకంటే, జనరేటర్ ఒకే వేగంతో గంటల తరబడి తిరుగుతుంది. గంటలు లెక్కపెట్టి ఆయిల్ మారుస్తారు. మీ కారు ఇంజన్ 2,148 సీసీ. డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో చిమ్మే కామన్ రైల్, పొగ తోపుడుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి ఎక్కించే టర్బో, తలమీద వాల్వులను తెరిచే రెండు కామ్ షాఫ్టులు, వాటిని తిప్పే పొడుగాటి చైను, ఆ చైనును బిగించే టెన్షనర్, అది పనిచేసేది ఆయిల్ ప్రెషర్‌తో. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. చెన్నై హైవే మీద నూరు దాటి వచ్చి టోల్ ప్లాజా పక్కన టీ కోసం టక్కున ఆపేస్తే, ఆ వేడికి టర్బోలో మిగిలిన కాస్త ఆయిల్ మాడి నల్లటి బొగ్గులా అంటుకుంటుంది. మామూలు మినరల్ ఆయిల్ త్వరగా మాడుతుంది. సింథటిక్ ఎక్కువసేపు తట్టుకుంటుంది. 229 వరస పరీక్షలు ఇలాంటి కార్ల ఇంజన్ కష్టాల కోసం పెట్టినవి. (ఆయిల్ ఏదైనా సరే, హైవే మీద నుంచి వచ్చి ఆపేముందు ఒక నిమిషం ఐడిల్‌లో తిరగనివ్వండి. దీనికి డబ్బు ఖర్చు లేదు.)

బకెట్ ఆయిల్‌తో నాకున్న పెద్ద అభ్యంతరం ఇంకోటి ఉంది. మీరు దాని గురించి ఒక్క ముక్కే రాశారు, “షెడ్డులో మూత తీసి ఉంటుంది” అని. సముద్రం పక్కన, ఉప్పుగాలిలో, మేత సంచుల దుమ్ములో, వారాల తరబడి మూత లేని బకెట్లో ఏముందో ఆ ఆయిల్ కంపెనీకి కూడా తెలియదు. తేమ పడుతుంది, ఇసుక పడుతుంది. జనరేటర్లకు కూడా అది మంచిది కాదు. మూత పెట్టించండి.

మేస్త్రి చెప్పిన 20డబ్ల్యూ-50కి వద్దాం. ఆయన తెలియక చెప్పడంలేదు. అంబాసిడర్లు, పద్మినీలు బాగుచేసి పెరిగిన చేతులు అవి. ఆ ఇంజన్లలో సందులు వదులు, చిక్కటి ఆయిలే వాటికి దిక్కు. చప్పుడు తగ్గుతుందన్న మాటా నిజమే, కొంత తగ్గుతుంది. కానీ మీ ఇంజన్‌లో ఆయిల్ సన్నటి దారుల గుండా చైను టెన్షనర్‌కూ టర్బోకూ చేరాలి. 40 డిగ్రీల దగ్గర, అంటే ఇంజన్ ఇంకా కాగకముందు, 20డబ్ల్యూ-50 మామూలుగా 5డబ్ల్యూ-40 కంటే దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుంది. మీ రోజువారీ ప్రయాణంలో సగం ఆ స్థితిలోనే గడుస్తుంది. పొద్దున ఆ ఒక్క క్షణం గలగల, ఆయిల్ పైకి చేరేలోపు వచ్చేది అయితే, చిక్కటిది పోస్తే ఆ క్షణం పొడుగవుతుందే గానీ తగ్గదు. కారడమంటారా, గట్టిపడి పగుళ్లిచ్చిన రబ్బరు సీలును ఏ చిక్కదనమూ బాగుచేయదు. కొన్ని నెలలు దాస్తుంది, అంతే.

చెన్నై వాళ్ల 5డబ్ల్యూ-30 విషయంలో మన ఊళ్లలో ఒక అపోహ ఉంది, అది నీళ్లలా ఉంటుందని. కారు ఇంజన్ ఆయిళ్లలో 5డబ్ల్యూ-30లు రెండు మూడు రకాలు. చిన్న పెట్రోలు కార్లకు మైలేజీ కోసం చేసిన పల్చటి రకం ఒకటి. మీకు చెప్పింది అది అయి ఉండదు. ఎంబీ 229.51 ఉన్న 5డబ్ల్యూ-30 అయి ఉంటుంది. అది వేడిలో, ఒత్తిడిలో పొర తెగకుండా నిలవాలన్న పరీక్షలో 40 గ్రేడు ఆయిళ్లకు పెట్టిన హద్దే దాటి వస్తుంది. కాబట్టి అది తప్పు సలహా కాదు. అయితే 229.51ను ముఖ్యంగా చేసింది పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉన్న కార్ల కోసం. ఆయిల్ కాలితే మిగిలే బూడిద ఆ వడపోతను పూడ్చకుండా, బూడిద తక్కువ ఇచ్చేలా కలుపుతారు. 2008లో మన దగ్గర అమ్మిన డీజిల్ కార్లకు ఆ వడపోత సాధారణంగా ఉండదు. మన దేశంలో అది మామూలైంది 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాకనే. మీ చాసిస్ నంబరు చెప్పి, డీపీఎఫ్ ఉందా లేదా అని ఆ సర్వీస్ సెంటర్‌నే ఫోన్‌లో అడగండి. అది వాళ్లు చెప్పగలిగిన సంగతే.

“అంటే ఏది పోయాలి?” అంటారు కదా. డీపీఎఫ్ లేదని తేలితే నా మొగ్గు 5డబ్ల్యూ-40 సింథటిక్ వైపు. డబ్బా వెనక ఎంబీ అప్రూవల్ 229.5 అని, ఏసీఈఏ ఏ3/బీ4 అని ఉండాలి. కాగిన ఇంజన్‌లో మీ మేస్త్రికి కావాల్సిన చిక్కదనం ఉంటుంది, పొద్దున స్టార్టింగ్‌లో త్వరగా పైకీ చేరుతుంది. 229.5 దొరక్కపోతే 229.3 ఉన్నదీ సరిపోతుంది, కాస్త ముందుగా మార్చుకోవాలి. అదే డీపీఎఫ్ ఉందని తేలితే ఇక చర్చ లేదు, 229.31 గానీ 229.51 గానీ పోయాల్సిందే. జనరేటర్ ఆయిల్ కూడా ఆ రోజుతో ఆపేయాలి. డీపీఎఫ్ లేకపోయినా చెన్నై వాళ్ల మాట మీదే 229.51 పోస్తారా, నష్టమేమీ లేదు. ఒకప్పుడు డీజిల్‌లో గంధకం ఎక్కువ ఉన్న రోజుల్లో ఆ రకం ఆయిల్ త్వరగా నీరసించిపోయేది. ఇప్పుడు బంకుల్లో అమ్మే డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది పాళ్లే, ఆ బెంగా లేదు.

మీ చిన్నాయన మాట తీసేయలేని పరిస్థితి అనుకోండి. అప్పుడు 15డబ్ల్యూ-40నే పోయొచ్చు, రెండు షరతులతో. బకెట్లోది వద్దు, సీలు తీయని కొత్త డబ్బా కావాలి. నాలుగైదు వేల కిలోమీటర్లకు, లేదా ఆరు నెలలకు, తప్పకుండా మార్చాలి. లెక్క వేసి చూడండి, ఏడాదికి రెండుసార్లు ఆయిల్, రెండు ఫిల్టర్లు, రెండుసార్లు కూలి. మంచి సింథటిక్ ఒకసారి పోసిన ఖర్చుకు పెద్ద తేడా రాదు. ఈ లెక్క ఆయన ముందే కాగితం మీద వేయండి. సాగు చేసే మనిషికి లెక్క చూపిస్తే వినడానికి వీలుంటుంది.

అప్రూవల్ అన్న మాట దగ్గర ఒక జాగ్రత్త. కొన్ని డబ్బాల మీద “229.5కు సరిపోతుంది”, “229.5 కార్లకు వాడవచ్చు” అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అది ఆయిల్ అమ్మేవాళ్ల మాట. ఎంబీ అప్రూవల్ అని ఉంటే కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకుందన్న మాట. ఒప్పుకున్న ఆయిళ్ల పట్టికను బెంజి కంపెనీ ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచింది. అందులో పేరు ఉంటే ఏ కంపెనీదైనా ఒకటే. షెల్, మొబిల్, క్యాస్ట్రాల్, మోటుల్ అన్న వాదనలు టీ కొట్టు దగ్గర బాగుంటాయి గానీ ఇంజన్‌కు వాటితో పని లేదు. నకిలీ డబ్బాల పీడ మాత్రం ఉంది. కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొని బిల్లు తీసుకోండి. నెల్లూరు ఆటోనగర్‌లో దొరక్కపోతే చెన్నై వెళ్లినప్పుడు తెచ్చుకోండి. ఖాళీ డబ్బాకు మేకుతో బెజ్జం కొట్టి పారేయండి, లేకపోతే అదే డబ్బా మళ్లీ నిండి ఇంకొకరికి అమ్ముడుపోతుంది.

ఫ్లష్ ఒప్పుకోవద్దన్నది నా గట్టి సలహా. ఫ్లష్ అంటే పల్చటి ద్రావకం పోసి లోపల పేరుకున్న మడ్డిని కరిగించి తీయడం. లోపల ఎంత మడ్డి ఉందో తెలియని ఇంజన్‌లో అది ఒక్కసారిగా ఊడి, ఆయిల్ పంపు పీల్చే జల్లెడకు అడ్డం పడితే, లేని రోగాన్ని కొని తెచ్చుకున్నట్టే. ముందు ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి చూడండి. లోహం మీద తేనె రంగు, లేత గోధుమ రంగు పూత కనిపిస్తే బాగున్నట్టు. తారులా నల్లగా, గోకితే పెళ్లలు వచ్చేలా ఉంటే మడ్డి ఉన్నట్టు. మడ్డి ఉన్నా ఫ్లష్ వద్దు. మంచి ఆయిల్ పోసి మూడు వేలకే ఒకసారి మార్చండి, మళ్లీ మూడు వేలకు ఇంకోసారి. కొత్త ఆయిల్‌లో ఉండే డిటర్జెంటు నెమ్మదిగా కడుగుతుంది. మూత అడుగున మీగడలా తెల్లగా కనిపిస్తే మాత్రం రేడియేటర్ నీళ్ల మట్టం కూడా చూడాలి. నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ తల కింద ఉండే సీలు) పోయిందని అనుమానం, వెంటనే చూపించాలి. నీళ్లు తగ్గకపోతే అది తేమ. దానికి కారణం మీ ఆరు కిలోమీటర్లు.

ఇంజన్ ఆయిల్ పూర్తిగా కాగడానికి చాలాసార్లు పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది, నీళ్ల కంటే ఎక్కువసేపు. డ్యాష్‌బోర్డు మీద నీళ్ల ముల్లు మధ్యకు వచ్చినా ఆయిల్ ఇంకా కాగి ఉండదు. ఆరు కిలోమీటర్లకే ఆపేస్తే, కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరీ, పూర్తిగా కాలని డీజిలూ ఆయిల్‌లోనే నిలిచిపోతాయి. హైవే మీద పదిహేను వేలు తిరిగిన ఆయిల్ కంటే, గట్ల మీద ఐదు వేలు తిరిగిన ఆయిల్ ఎక్కువ పాడవుతుంది. అందుకని హ్యాండ్‌బుక్‌లో ఎంత ఉన్నా మీరు ఏడు వేలకో ఏడాదికో, ఏది ముందొస్తే దానికి మార్చండి. వారంలో ఒకరోజు కావలి నుంచి సింగరాయకొండ దాకా అయినా హైవే మీద పోయిరండి. బండి బాగా కాగితే ఆ తేమంతా ఆవిరైపోతుంది. రోజూ గుంటల దగ్గరికి స్కూటర్ చాలదా అని కూడా అడగాలనిపిస్తోంది. ఎండలో, వానలో రాత్రిళ్లు కూడా తిరగాల్సిన పని మీది, నేను ఇంట్లో కూర్చుని చెప్పడం తేలిక.

కడ్డీ తీసి ఆయిల్ మట్టం చూసే అలవాటు మీరే చేసుకోండి. చదును నేల మీద, బండి ఆపిన ఐదు నిమిషాల తర్వాత చూడాలి. మట్టం తగ్గితే కలుపుకుంటే సరిపోతుంది. కలపకుండానే పెరిగిందా, భయపడాల్సింది అప్పుడు. డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుండొచ్చు. పై గీత దాటించి పోయడం కూడా అంతే ప్రమాదం. టర్బో డీజిల్‌లో ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి తీసే గొట్టం) గుండా గాలి దారిలోకి పోయి, ఆ గాలితో పాటు ఇంజన్‌లోకి చేరి మండుతుంది, ఇంజన్ తాళం తీసినా ఆగకుండా ఊగిపోతుంది. మీ ఇంజన్‌కు ఫిల్టర్‌తో కలిపి దాదాపు ఆరున్నర లీటర్లు పడుతుంది. హ్యాండ్‌బుక్‌లో సరిచూసుకుని, ఆరు పోసి, నడిపి ఆపి, కడ్డీ చూసి మిగతాది కొంచెం కొంచెంగా పోయించండి.

కారే చోటు కనిపెట్టడం ఆయిల్ ఎంచుకోవడం కంటే ముందు పని. రాత్రి బండి కింద అట్టపెట్టె ముక్క పరిచి, పొద్దున చుక్క ఎక్కడ పడిందో గుర్తుపెట్టి మేస్త్రికి చూపించండి. ఈ వయసు బండ్లలో పై కవరు గ్యాస్కెట్, ఫిల్టర్ గూడు సీలు, బ్రీదర్ గొట్టం టర్బో దగ్గర కలిసే చోటి రబ్బరు, ఇవి గట్టిపడటం మామూలు. చాలావరకు చిన్న రబ్బరు ముక్కల ఖర్చే. మంచి ఆయిల్ పోశాక కొత్తల్లో కారడం కాస్త ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి. సందుల్లో అడ్డంపడి ఉన్న మడ్డి కడుక్కుపోయిందన్నమాట. అప్పుడు మేస్త్రి “నేను ముందే చెప్పలా?” అంటాడు, అననివ్వండి. పొద్దున గలగలకు ఫిల్టర్ కూడా కారణం కావచ్చు. మీ బండికి లోపల పెట్టే కాగితపు ఫిల్టర్ ఉంటుంది. దాని మూతకు రబ్బరు రింగులుంటాయి, అవి కొత్త ఫిల్టర్‌తో పాటే వస్తాయి. పాత రింగులే ఉంచేస్తే రాత్రికి రాత్రి ఆయిల్ కిందికి దిగిపోయే వీలుంది. మాన్, మాలే, హెంగ్‌స్ట్ వంటి పేరున్న ఫిల్టర్ కొని, రింగులన్నీ మార్పించి చూడండి. అప్పటికీ గలగల రెండు మూడు సెకన్లకు పెరుగుతుంటే చైను, టెన్షనర్ చూపించాలి. అది ఆయిల్‌తో తీరే పని కాదు.

మనుషుల సంగతికి వస్తాను. మేస్త్రిని వదులుకోవద్దు. పదిహేనేళ్లుగా ఆ బండి చప్పుడు ఎరిగిన చెవులు చెన్నైలో దొరకవు. కానీ ఒక విషయం గమనించండి. మన దగ్గర మెకానిక్‌లు కూలి తక్కువ తీసుకుని, ఆయిల్ మీద వచ్చే కమీషన్‌తో సరిపెట్టుకుంటారు. ఆయిల్ మీరే తెచ్చుకుంటామంటే ఆయన మాట కాదన్నందుకు కొంత, రాబడి పోయినందుకు కొంత నొచ్చుకుంటాడు. మాటతో పాటు చేయి కూడా చాచండి. “ఆయిలు, ఫిల్టరు నేను తెస్తాను, కూలి ఇంతకు ముందు ఇచ్చినదానికి రెట్టింపు ఇస్తాను, కారేది ఎక్కడో నువ్వే పట్టాలి” అనండి. కారే చోటు పట్టుకోవడం ఆయనకు వచ్చిన విద్య, అందులో ఆయనదే పైచేయి. చిన్నాయన విషయంలో ఆయిల్ ఒక సాకు మాత్రమేనేమో మీరే ఆలోచించండి. అన్న పోయాక ఆ ఇంట్లో తన మాట ఇంకా చెల్లుతోందా అని ఆయన చూసుకుంటున్నట్టు మీ ఉత్తరంలో రెండు మూడు చోట్ల నాకనిపించింది. జనరేటర్ల ఆయిల్, వాటి సర్వీసు పూర్తిగా ఆయనకే అప్పగించి, కారు వరకు నేను చూసుకుంటానని చెప్పే మార్గం ఒకటుంది. ఆయన ముభావంగా ఉండొచ్చు కొన్నాళ్లు. లేదంటే ఇందాక చెప్పినట్టు 15డబ్ల్యూ-40 కొత్త డబ్బాతో సర్దుకుపోయే మార్గమూ ఉంది. అప్పుడు ఇంజన్‌కు పెద్ద నష్టం లేదు, తేదీలు గుర్తుపెట్టుకునే భారం మీది. ఏది తేలికో మీ ఇంట్లో మీకే తెలియాలి.

షాపాయనకు నా జవాబేమీ లేదు. వేరే షాపుకు వెళ్లండి.

అమ్మడం గురించి. మీ ఆయన మాటను కొట్టిపారేయను. ఇలాంటి బండికి ఆయిల్ చిన్న ఖర్చు. రేపు ఇంజెక్టర్లు, సస్పెన్షన్, ఎలక్ట్రానిక్స్ వరసగా వస్తాయి. ఏడాదికి ఎంతవరకు భరించగలరో ఒక అంకె అనుకుని, అది దాటిన ఏడు అమ్మేయడం గురించి ఆలోచించవచ్చు. అమ్మినా, ఉంచినా ముందు తేల్చాల్సింది కాగితాలు. 2008 బండి అంటే పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2023లోనే అయిపోయి ఉంటుంది. తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. అది చేశారో లేదో మీరు రాయలేదు. దానికి తోడు బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందన్నారు. యజమాని పోతే ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలని రూల్. గడువు దాటినా చేస్తారు, ఆలస్యానికి జరిమానా పడొచ్చు. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం, అమ్మగారి ఒప్పుదల పట్టుకుని ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. ఈ రెండూ సరిగా లేకుండా దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు. ఆయిల్ వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగకూడదు.

తీసిన పాత ఆయిల్‌ను ఏ డబ్బాలోకి పడతారో మేస్త్రిని ముందే అడగండి. మన ప్రాంతంలో దాన్ని కాలవలో పారబోయడం చూస్తుంటాం. అదే నీరు ఏదో ఒక గుంటలోకి తోడుతారు. నీటి మీద సన్నటి ఆయిల్ పొర పరుచుకుంటే రొయ్యకు గాలి ఎలా అందుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

చెన్నై ప్రయాణానికి డిక్కీలో అదే ఆయిల్ ఒక లీటరు పెట్టుకోండి. దారిలో ఆయిల్ తక్కువైందని పసుపు హెచ్చరిక వచ్చి, చేతిలో డబ్బా లేకపోతే, నాయుడుపేటలోనో సూళ్లూరుపేటలోనో బంకులో దొరికే ఏ డీజిల్ ఇంజన్ ఆయిలైనా అర లీటరు పోసుకుని వెళ్లిపోవచ్చు. కంపెనీ వేరైనా ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, విరగవు. ఆయిల్ తక్కువతో పరుగెత్తించడం కంటే అది వెయ్యి రెట్లు నయం, తర్వాత మార్పు కాస్త ముందుకు జరుపుకుంటే చాలు. ఎర్ర ఆయిల్ గుర్తు వెలిగితే మాత్రం బంకు అర కిలోమీటరులో ఉన్నా సరే, పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. అమ్మ బండిలో ఉన్నా అక్కడి నుంచి వేరే కారు పిలిపించుకోండి.